ఇంటి నెట్‌వర్కులో ఉమ్మడి ఫోల్డరు: కోనసీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే ఇంటిలోని రెండు కంప్యూటర్ల మధ్య ఉమ్మడిగా పెట్టుకొన్న ఫోల్డరు ఒకనాడు ఉన్నట్టుండి తెరుచుకోకపోవడం నేడు పరిశోధకుల ఇళ్లలో తరచుగా ఎదురవుతున్న సమస్య. దీనిని యంత్రదోషంగా భావించి పరిష్కారం వెతకడం వాడుక. చాలా సందర్భాలలో ఇది దోషం కాదనీ, ఇంటి నెట్‌వర్కు పట్ల వ్యవస్థానిర్మాతలకు ఉండిన నమ్మకం 1983 నుంచి 2024 వరకు మారుతూ వచ్చిన క్రమానికి ఆనవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కోనసీమ ఇళ్లలోకి ఫైబరు తీగ ప్రవేశించిన కాలమూ, ఆ నమ్మకం సడలిన కాలమూ ఒకటే కావడం వల్ల ఈ ప్రాంతాన్ని క్షేత్రంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: ఉమ్మడి ఫోల్డరు, ఇంటి నెట్‌వర్కు, కోనసీమ, మోరి, అనుమతి, వానాక్రై, తెలుగు ఫైలు పేర్లు.

1. ఉపోద్ఘాతం

క్షేత్రపర్యటనలో సేకరించిన ధ్వనిముద్రణలు, ఛాయాచిత్రాలు, తాళపత్రాల స్కాన్ ప్రతులు నేడు పరిశోధకుని ఇంట్లో ఏదో ఒక కంప్యూటరులోనే ఉంటాయి. జగ్గన్నతోట ప్రభల తీర్థంపై పనిచేసే విద్యార్థి కనుమనాడు తీసిన దృశ్యాలను ముందుగదిలోని డెస్క్‌టాప్‌లో దాచి, మేడమీద గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని సిద్ధాంతగ్రంథం రాసుకొంటాడు. ఈ రెంటినీ కలిపేది ఇంటి వైఫై. డెస్క్‌టాప్‌లోని ఫోల్డరును ఉమ్మడి చేస్తే మేడమీద నుంచే చదవవచ్చు, దిద్దవచ్చు. అయితే విండోస్ నవీకరణ జరిగిన మర్నాడో, రౌటరు మార్చిన మర్నాడో ఆ ఫోల్డరు తెరుచుకోదు. అప్పుడు పెన్‌డ్రైవు బయటికి వస్తుంది. నెల తిరిగేసరికి ఒకే అధ్యాయానికి నాలుగు ప్రతులు తయారవుతాయి. వాటిలో ఏది చివరిది అన్నది సాహిత్యపరిశోధకులకు కొత్త ప్రశ్నేమీ కాదు. పాఠపరిష్కరణశాస్త్రం పుట్టిందే అందుకు. అయితే తాళపత్రప్రతులకు లేఖకులు కారణం, ఇక్కడ మనమే కారణం.

ఈ సమస్యకు యూట్యూబులో దొరికే పరిష్కారాలు వందల్లో ఉన్నాయి. ఫైర్‌వాల్ ఆపివేయమని ఒకరు, పాస్‌వర్డు రక్షణ తీసివేయమని మరొకరు, పాత ప్రోటోకాలును తిరిగి ప్రవేశపెట్టమని ఇంకొకరు చెబుతారు. వీటిలో చాలావరకు పనిచేస్తాయి కూడా. అసలు చిక్కు అదే. అవి ఎందుకు పనిచేస్తాయో, వాటికి మనం చెల్లించే మూల్యమేమిటో తెలియాలంటే ఆ తలుపులు ఎప్పుడు, ఎందుకు మూసుకొన్నాయో చూడాలి.

2. మోరి గ్రామంలో 2016 డిసెంబరు

రాజోలుకు సమీపంలో సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పుకు పేరెన్నిక గన్న గ్రామం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో ఆచార్యులైన సాలమన్ డార్విన్ స్వగ్రామం అదే. ఆయన చొరవతో సాగిన స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి, రాష్ట్రప్రభుత్వపు ఫైబర్ గ్రిడ్ పథకానికి మోరి తొలివేదిక అయింది. 2016 డిసెంబరు 29న నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు అక్కడ ఆ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఏడాది తరువాత, 2017 డిసెంబరు 27న, నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రస్థాయిలో ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇంటర్నెట్, టెలివిజన్, ఫోన్ మూడింటినీ ఒకే తీగమీద ఇవ్వడం ఆ పథకపు ప్రత్యేకత. భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగానే ఆ తీగను లాగారు.

అంతకుముందు కోనసీమలో ఇళ్లకు ఇంటర్నెట్ లేదని కాదు. బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ 2005లోనే మొదలైంది. అయితే ఆ కనెక్షను చాలావరకు ఒక ఇంటికి ఒక కంప్యూటరు అన్న రోజులది. ఫైబరుతో పాటు వైఫై పెట్టె ఇంట్లోకి రావడం వేరే పరిణామం. ఇల్లాలి ఫోను, పిల్లల లాప్‌టాప్, గోడమీది టి.వి., మూల నున్న పాత డెస్క్‌టాప్ అన్నీ ఒకే పెట్టెకు చేరాయి. ఎవరూ ప్రత్యేకంగా తలపెట్టకుండానే ఇంట్లో ఒక నెట్‌వర్కు ఏర్పడింది. ఆ పెట్టె ఇంట్లోని ప్రతి పరికరానికీ 192.168తో మొదలయ్యే ఒక చిరునామా ఇస్తుంది. ప్రైవేటు నెట్‌వర్కుల కోసం అటువంటి సంఖ్యలను 1996 ఫిబ్రవరిలో అంతర్జాతీయంగా కేటాయించి పెట్టారు. అమలాపురంలో ఒక ఇంటి 192.168.1.5కూ, కొత్తపేటలో ఇంకొక ఇంటి 192.168.1.5కూ సంబంధం లేదు. ఇంటిపేరు లేకుండా పెద్దబ్బాయి, చిన్నబ్బాయి అని పిలిచినట్లు, ఆ చిరునామాలు ఆ ఇంట్లోనే చెల్లుతాయి.

కోనసీమలో ఇంటి నెట్‌వర్కు రూపుదిద్దుకొన్నది ఇలా 2016, 2017 సంవత్సరాల నుంచి. సరిగ్గా ఆ కాలంలోనే ప్రపంచంలో మరొక సంఘటన జరిగి, ఇంటి నెట్‌వర్కుకు పునాదిగా ఉండిన ఒక పాత నమ్మకాన్ని తుడిచిపెట్టింది. ముందుగా ఆ నమ్మకం ఎటువంటిదో చూడాలి.

3. గోడ లోపలివారంతా మనవారే

ఉమ్మడి ఫోల్డరు తెరిచేటప్పుడు రెండు కంప్యూటర్లు మాట్లాడుకొనే భాష పేరు ఎస్.ఎం.బి. ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ దీనిని 1983 ప్రాంతంలో రూపొందించారు. మైక్రోసాఫ్ట్ దీనిని స్వీకరించి విస్తరించింది. 1992లో వచ్చిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో ఇది సాధారణ కార్యాలయాలకు చేరింది. అదే కాలంలో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ ఆ సంభాషణను గమనించి, దానిని ఇతర వ్యవస్థలలోనూ నడపగల ఉచిత సాఫ్ట్‌వేరును రాశారు. ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే పదం కోసం నిఘంటువును గాలించి దానికి సాంబా అని పేరు పెట్టారు. నిఘంటువులతో కాలక్షేపం చేసే మనకు ఆయన పద్ధతి నచ్చకుండా ఉండదు. నేడు ఇళ్లలో వాడే నెట్‌వర్కు నిల్వపెట్టెలలో చాలావాటిలో ఉన్నది ఆ సాంబాయే.

ఈ భాష పుట్టిన కాలంలో నెట్‌వర్కు అంటే ఒక గది, ఒక అంతస్తు. తీగ తగిలించుకొన్నవాడు మనవాడే అన్నది దాని అంతర్లీన భావన. ప్రతి యంత్రమూ 'నేనిక్కడ ఉన్నాను' అని కేక వేస్తుంది, మిగిలినవి ఆ పేరును జాబితాలో రాసుకొంటాయి. ఆ పేరు 15 అక్షరాలకు మించరాదన్న నియమం కూడా నాటిదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి ఈ నమ్మకాన్ని ఇంటికి తెచ్చింది. దానిలోని సరళ భాగస్వామ్య పద్ధతిలో నెట్‌వర్కు ద్వారా వచ్చిన ప్రతివారినీ అతిథిగా లోనికి పంపేవారు. పేరు అడిగేవారు కాదు. 2009లో విండోస్ 7తో వచ్చిన హోమ్‌గ్రూప్ పద్ధతి ఇంటికంతటికీ ఒకే పాస్‌వర్డు పెట్టింది. చూరులో దాచిన ఒక తాళంచెవి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండటం వంటిది అది. ఇంటిమనిషి ఎవరు, పొరుగువాడు ఎవరు అన్న విచక్షణ ఇందులో ఉంది. ఇంట్లోవారిలో ఎవరెవరు అన్న విచక్షణ లేదు.

4. 2017 మే

ఎస్.ఎం.బి. మొదటి రూపంలోని ఒక లోపాన్ని వాడుకొనే ఆయుధం 2017 ఏప్రిల్ 14న ఒక అజ్ఞాతబృందం ద్వారా బయటికి పొక్కింది. దానికి విరుగుడు అంతకు నెలరోజుల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ విడుదల చేసినా వేసుకోని యంత్రాలు లక్షల్లో ఉన్నాయి. మే 12న వానాక్రై ప్రపంచం మీద పడింది. ఎవరూ దేనినీ నొక్కనక్కరలేకుండా ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి, ఉమ్మడి ఫోల్డర్లు ప్రయాణించే దారిలోనే, అది పాకింది. ఫైళ్లను గుప్తీకరించి డబ్బు అడిగింది. 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను తిప్పిపంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి.

గోడ లోపలివారంతా మనవారే అన్న భావన అక్కడితో ముగిసింది. ఇంట్లోకి ఒక్క యంత్రం రోగంతో వస్తే చాలు, మిగిలినవన్నీ దానికి బంధువులే. ఎస్.ఎం.బి. మొదటి రూపాన్ని మైక్రోసాఫ్ట్ 2014లోనే కాలం చెల్లినదిగా ప్రకటించింది; ఇప్పుడు తొలగించడం మొదలుపెట్టింది. 2017 అక్టోబరు 17న వచ్చిన విండోస్ 10 నవీకరణతో అది కొత్తగా స్థాపించిన యంత్రాలలో స్వతస్సిద్ధంగా ఉండటం మానేసింది. హోమ్, ప్రొఫెషనల్ రకాలలో పాత పరికరాలను చేరుకొనే భాగాన్ని మాత్రం ఉంచి, కంప్యూటరు నడిచిన కాలంలో మొత్తం 15 రోజులు దానితో పని పడకపోతే అది తనంతతాను తొలగిపోయే ఏర్పాటు చేశారు. నిన్నటిదాకా తెరుచుకొన్న పాత నిల్వపెట్టె ఇవాళ ఎందుకు తెరుచుకోదన్న ప్రశ్నకు అనేక సందర్భాలలో సమాధానం ఈ 15 రోజులే. డి.టి.పి. కేంద్రాలలో స్కాన్ చేసిన పుటను నేరుగా ఫోల్డరులోకి పంపే పాత యంత్రాలు మూగబోవడానికీ ఇదే కారణం. 2018 ఏప్రిల్ నవీకరణతో హోమ్‌గ్రూప్ పోయింది. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 రూపాంతరం ప్రొఫెషనల్ వంటి రకాలలో అతిథి ప్రవేశాన్ని కూడా మూసివేసి, ప్రతి సంభాషణకూ సంతకం ఉండాలన్నది.

మోరిలో తీగ వెలిగిన తరువాత అయిదు నెలలు తిరగకముందే వానాక్రై వచ్చింది. కోనసీమ పరిశోధకుడు ఇంటి నెట్‌వర్కును ఎక్స్‌పి నాటి అలవాట్లతో నేర్చుకొన్నాడు. వాడుకొనే నాటికి నియమాలు మారిపోయాయి. అతనికి ఈ మార్పు గురించి ఎవరూ చెప్పలేదు. తెర మీద కనిపించినది ఒక దోషసంఖ్య మాత్రమే.

5. మూడు సంఖ్యలు

దోషసందేశాలను శ్రద్ధగా చదవకపోవడం మన అలవాటు. వాటి భాష అంత ఆకర్షణీయంగా ఉండదు కూడా. అయినా విండోస్ ఇచ్చే మూడు సంఖ్యలను వేరుచేసి గుర్తించగలిగితే సమస్య సగం తీరినట్లే. 53 అంటే దారి దొరకలేదు. 1326 అంటే మనిషిని గుర్తించలేదు. 5 అంటే మనిషిని గుర్తించినా అనుమతి లేదు. పదహారు మూలంగా రాసే పొడవైన సంకేతంలో ఈ 53 చివర 35గా కనిపిస్తుంది, కంగారుపడనక్కరలేదు.

53 వచ్చినప్పుడు పాస్‌వర్డుల జోలికి, అనుమతుల జోలికి పోవడం వృథా. రెండు యంత్రాలూ ఒకే రౌటరుకు చేరి ఉన్నాయా, అతిథుల వైఫైలో ఒకటి చిక్కుకొన్నదా అని ముందు చూడాలి. రౌటరు మారితే విండోస్ దానిని కొత్త ఊరుగా భావిస్తుంది. దానిని ప్రైవేటు నెట్‌వర్కుగా చెప్పకపోతే బస్టాండులో కూర్చున్నట్లు తలుపులన్నీ బిగించుకొంటుంది. ఫైర్‌వాల్ ఆపవలసిన పని లేదు. ఇది మన ఇల్లే అని చెబితే చాలు. ఇక నెట్‌వర్కు జాబితాలో యంత్రం పేరు కనిపించకపోవడం వేరు, యంత్రం లేకపోవడం వేరు. కేకలు వేసి పేర్లు పోగుచేసే పాత పద్ధతి ఎస్.ఎం.బి. మొదటి రూపంతో పాటే పోయింది. జాబితా ఖాళీగా ఉన్నా, చిరునామాపట్టీలో రెండు వెనుకవాలు గీతలు గీసి యంత్రం పేరో, 192.168 సంఖ్యో రాస్తే ఫోల్డరు తెరుచుకోవచ్చు. సంఖ్యతో తెరుచుకొని పేరుతో తెరుచుకోకపోతే చిక్కు పేరులో ఉంది. నిన్నటి సంఖ్య ఇవాళ పనిచేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు సంఖ్యలను మార్చి పంచి ఉంటుంది. గాలివాన వస్తే స్తంభాల మీది తీగలు తెగే ప్రాంతంలో ఇది అరుదు కాదు. డెస్క్‌టాప్‌కు రౌటరులోనే ఒక స్థిరమైన సంఖ్య కేటాయించుకోవడం దీనికి మందు.

1326 మరింత చిత్రమైనది. చాలామంది రోజూ నాలుగంకెల పిన్‌తో కంప్యూటరు తెరుస్తారు. ఆ పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నవారికే చెల్లుతుంది. నెట్‌వర్కు మీదుగా వచ్చేవారికి ఖాతా అసలు పాస్‌వర్డు కావాలి. పాస్‌వర్డే లేని ఖాతాను ఎక్స్‌పి కాలం నుంచీ నెట్‌వర్కు మీద అనుమతించరు. పాస్‌వర్డు మార్చిన తరువాత రెండవ యంత్రం పాతదాన్నే గుర్తుంచుకొని పదేపదే పంపుతుండటం కూడా ఉన్నదే; క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పాత గుర్తును తుడిచివేయాలి. అతిథి ప్రవేశం మూసుకొన్న నేటి స్థితిలో అన్నిటికంటె స్థిరమైన మార్గం డెస్క్‌టాప్‌లో ఒక ప్రత్యేక ఖాతా సృష్టించి, దానికి పాస్‌వర్డు పెట్టి, లాప్‌టాప్ నుంచి ఆ పేరుతోనే రావడం. పాస్‌వర్డు రక్షణ తీసివేయమనే సలహా మనలను 2001కి తీసుకుపోతుంది. ఎస్.ఎం.బి. మొదటి రూపాన్ని తిరిగి పెట్టమనే సలహా 2017 మే 11కు తీసుకుపోతుంది. ఆ ఫోల్డరులో ఉన్నది మన వ్యాసమే అయితే నష్టం మనది. వక్తలు మనలను నమ్మి చెప్పిన మాటల ధ్వనిముద్రణలైతే ఆ నిర్ణయం తీసుకొనే హక్కు మనకు లేదు.

5 దగ్గర అనుమతులు రెండు అంచెలుగా ఉంటాయని గుర్తుంచుకోవాలి. నెట్‌వర్కు ద్వారా వచ్చేవారికి ఇచ్చే అనుమతి ఒకటి. డిస్కు మీద ఫైలుకే ఉండే అనుమతి మరొకటి. రెంటిలో ఏది ఇరుకైతే అదే చెల్లుతుంది. కోనసీమవాసులకు దీనిని వివరించడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి రైతుకు తెలిసిన సంగతే ఇది: లాకు దగ్గర నీరు నిండుగా ఉన్నా బోదె తూము మూసి ఉంటే చేనుకు చుక్క రాదు. అందరికీ సంపూర్ణాధికారం అని నెట్‌వర్కు అంచెలో గుర్తు పెట్టి, అయినా తెరుచుకోవడం లేదని వాపోయేవారు తూము సంగతి మరచినవారు. ఇందులో మరొక మెలిక ఉంది. ఒకే డ్రైవులో ఒక చోటి నుంచి మరొక చోటికి కదిపిన ఫైలు తన పాత అనుమతులను వెంటబెట్టుకు పోగలదు. కాపీ చేసిన ఫైలు కొత్త ఫోల్డరు అనుమతులను గ్రహిస్తుంది. అందుకే ఒకే ఫోల్డరులో కొన్ని తెరుచుకొని కొన్ని తెరుచుకోవు. పాడైపోయిన కంప్యూటరు డిస్కును కొత్తదానికి తగిలించినప్పుడు యజమాని పేరుండవలసిన చోట ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవైన సంఖ్య కనిపిస్తుంది. పాత యంత్రంలోని ఖాతాకు అది శిలాశాసనం వంటిది. పేరు చెరిగిపోయి బిరుదు మాత్రమే మిగిలింది. నిర్వాహకుని హోదాలో యాజమాన్యం స్వీకరిస్తే ఆ ఫైళ్లు మళ్లీ చేతికి వస్తాయి.

6. పంచుకోవడమా, ఉమ్మడి చేయడమా?

ఈ క్రియకు మనం వాడే మాట గురించి కొంత చెప్పాలి. ఆంగ్లంలోని షేర్‌కు తెలుగు తెరల మీద సాధారణంగా కనిపించేది భాగస్వామ్యం. వాడుకలో పంచుకోవడం అంటున్నాము. తెలుగులో పంచుకొన్న వస్తువు తరుగుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకొన్నారంటే అక్కడ గట్టు పడిందని అర్థం. పంపకాలు జరిగాయంటే కలిసి ఉండటం ముగిసిందని అర్థం. భాగస్వామ్యంలోనూ భాగముంది, వాటా ఉంది. ఫోల్డరు విషయంలో జరిగేది దీనికి విరుద్ధం. వస్తువు ఒక్కచోటనే, ఒక్కటిగానే ఉంటుంది. దానిని చేరే హక్కు మాత్రం పలువురికి ఉంటుంది. దీనికి మన భాషలో సిద్ధంగా ఉన్న మాట ఉమ్మడి. ఉమ్మడి బావి, ఉమ్మడి గోడ, ఉమ్మడి దారి అంటాము. ఉమ్మడి బావిలో ఎవరు ఎప్పుడు తోడుకోవాలన్న కట్టుబాటు ఉంటుంది. ఆ కట్టుబాటే ఇక్కడ అనుమతి.

ఇది కేవలం పారిభాషిక చర్చ కాదు. పంచుకొన్నాను అనుకొనే పరిశోధకుడు తన దగ్గర ఒక ప్రతి, అవతల ఒక ప్రతి ఉన్నాయని భావించే ప్రమాదం ఉంది. మేడమీద నుంచి చెరిపిన ఫైలు ముందుగదిలోనూ చెరిగిపోతుంది. నెట్‌వర్కు మీదుగా చెరిపినది సాధారణంగా రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. మాట సరిగా ఉంటే ఈ జాగ్రత్త మాటలోనే ఉండేది.

7. తెలుగు పేర్లతో వచ్చే చిక్కులు

దారి, గుర్తింపు, అనుమతి మూడూ సరిగా ఉన్నా తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే ఆటంకాలు కొన్ని ఉన్నాయి. యూనికోడ్‌లో లక్ష్మీ అన్న రెండక్షరాల పదానికి ఏడు సంకేతాలు పడతాయి. విండోస్ ఫైలు పేరుకు 255 సంకేతాలదాకా అవకాశమిస్తుంది. సాంబా నడిచే లినక్స్ నిల్వపెట్టెలలో సాధారణంగా పరిమితి 255 బైట్లు. అక్కడ ప్రతి తెలుగు సంకేతానికీ మూడేసి బైట్లు పోతాయి కనుక 85 సంకేతాలతో హద్దు ముగుస్తుంది. వ్యాసం శీర్షికనంతా ఫైలు పేరుగా పెట్టే మన అలవాటుకు ఇది చాలదు. డెస్క్‌టాప్‌లో నిక్షేపంగా ఉన్న ఫైలు నిల్వపెట్టెలోకి వెళ్లనంటే నేరం అనుమతిది కాదు, శీర్షికది. పొల్లు తరువాత హల్లులు కలవకుండా ఉంచే కనిపించని సంకేతం మరొకటి. అది పదం చివర పడితే కంటికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం అవి రెండు వేరు పేర్లు. ఫోల్డరు లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. యంత్రానికీ, ఉమ్మడి ఫోల్డరుకూ మాత్రం చిన్న రోమన్ పేరు పెట్టడం నేటికి క్షేమం. మాతృభాషాభిమానులు దీనికి నన్ను మన్నించాలి.

ఎక్స్‌పితో పాటు యూనికోడ్ తెలుగుకై వచ్చిన మైక్రోసాఫ్ట్ ఖతి పేరు గౌతమి. కోనసీమకు తూర్పుహద్దుగా పారే గోదావరి పాయ పేరు కూడా అదే. అయినా మన డి.టి.పి. రంగం చాలాకాలం అను, శ్రీలిపి వంటి ఖతులతోనే నడిచింది. వాటితో కూర్చిన గ్రంథం ఉమ్మడి ఫోల్డరులో తెరుచుకొంటుంది, కాని ఆ ఖతి లేని లాప్‌టాప్‌లో రోమన్ అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. ఫైలు పాడైందని భావించి చెరపరాదు.

8. 2022లో తెగిన తీగ, తెగని దారి

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన నేపథ్యంలో మే 24న అమలాపురంలో హింసాత్మక సంఘటనలు జరిగాయి. దరిమిలా జిల్లాలో ఇంటర్నెట్ సేవలను నిలిపివేశారు. ఆ నిలుపుదల జూన్‌లోకి కొనసాగింది. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సిగ్నలు దొరికే పక్క ప్రాంతాలకు తరలిపోవలసి వచ్చింది. ఆనాడు ఇటువంటి నిలుపుదలకు ఆధారంగా ఉండిన కేంద్రప్రభుత్వ నియమావళి కూడా 2017 నాటిదే కావడం గమనార్హం.

మన చర్చకు ఆ రోజులు ఒక స్పష్టమైన భేదాన్ని చూపుతాయి. గూగుల్ డ్రైవులో మాత్రమే దాచిన అధ్యాయం ఆ రోజుల్లో ఇంటర్నెట్ లేని ఇంటికి అందదు. ముందుగది డెస్క్‌టాప్‌లోని ఉమ్మడి ఫోల్డరుకు మాత్రం బయటి తీగతో పనిలేదు. రౌటరు వెలుగుతున్నంతసేపు, ఇంటర్నెట్ లేదని విండోస్ గుర్తు చూపుతున్నా, 192.168 దారి నడుస్తుంది. ఆ గుర్తును చూసి నెట్‌వర్కే లేదనుకొని ప్రయత్నించకపోవడం సహజం. అదే ఏడాది జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకగ్రామాలు మునిగాయి. అటువంటి సమయంలో ముందుగదిలోని డిస్కుకు ఇంటి నెట్‌వర్కు ఏ రక్షణా ఇవ్వలేదు. ఊరు దాటిన ప్రతి ఒకటి ఉండితీరాలి. మే నెలకు ఇంట్లో ఒకటి, జూలైకి ఊరి బయట ఒకటి.